రుతువిరతి: గోదావరి ప్రాంతపు నడివయసు స్త్రీల అనుభవాలు, వైఖరులు

నిర్వచనం, పరిధి

అండాశయాలు అండాలను విడుదల చేయడం మానివేయడం వల్ల నెలసరి శాశ్వతంగా ఆగిపోవడాన్ని రుతువిరతి అంటారు. సంస్కృత వైద్య పరిభాషలో దీనిని రజోనివృత్తి అని, ఆసుపత్రులలో మెనోపాజ్ అని, ఇళ్ళలో ముట్లుడగడం అని వ్యవహరిస్తారు. గర్భం, చనుబాలివ్వడం, మందుల వాడకం, జబ్బు వంటి మరో కారణమేదీ లేకుండా వరుసగా 12 నెలలు ముట్టు రాకపోతే, అంతకు ముందు వచ్చిన చివరి ముట్టు నాటి వయసును రుతువిరతి వయసుగా లెక్కిస్తారు. అంటే జరిగిన ఏడాదికి గాని జరిగినట్టు నిర్ధారణ కాని మార్పు ఇది. దానికి ముందు ముట్లు కొన్ని నెలలు తప్పుతూ, కొన్ని నెలలు దగ్గరపడుతూ, ఒకసారి మరకగా కనిపించి ఇంకోసారి ధారగా పోతూ, సగటున నాలుగేళ్ళు సాగే సంధికాలాన్ని పెరిమెనోపాజ్ అంటారు. స్త్రీలు వైద్యుల దగ్గరకు వెళ్ళేది ఎక్కువగా ఈ సంధికాలంలోనే.

ఈ వ్యాసం 2022 ఏప్రిల్ 4 వరకు తూర్పు గోదావరి జిల్లాలో ఉండి, ఆనాటి పునర్విభజనతో కాకినాడ జిల్లాలో చేరిన పెద్దాపురాన్ని, దాని చుట్టుపక్కల డెల్టా, మెట్ట గ్రామాలను నేపథ్యంగా తీసుకుని, అవసరమైన చోట ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల స్థితిని కలుపుకుని సాగుతుంది. రుతువిరతిని ప్రకృతి సహజమైన వయోధర్మంగా మాత్రమే వర్ణించే పాఠ్యగ్రంథాల పద్ధతి ఈ ప్రాంతానికి పూర్తిగా సరిపోదు. ఇక్కడ చాలామంది స్త్రీల విషయంలో ముట్లు వాటంతట అవి ఉడగలేదు, శస్త్రచికిత్సతో ఆగిపోయాయి.

రుతువిరతి వయసు

పాశ్చాత్య దేశాలలో సహజ రుతువిరతి సగటు వయసు దాదాపు 51 ఏళ్ళు కాగా, భారతదేశంలో అది 46–47 ఏళ్ళ ప్రాంతంలో ఉన్నట్టు పలు అధ్యయనాలు చూపాయి. పోషకాహార లోపం, పేదరికం, పొగతాగడం ఈ వయసును ముందుకు జరుపుతాయి. పొగతాగే స్త్రీలకు తాగనివారికంటే సుమారు ఒకటి రెండేళ్ళు ముందే ముట్లుడుగుతాయి. ఉత్తర కోస్తా పల్లెలలో చుట్ట వెలిగించిన కొసను నోటిలోపల పెట్టుకుని పీల్చే అడ్డపొగ అలవాటు పాత తరం స్త్రీలలో ఉండడం వల్ల, పొగాకు మగవారి వ్యసనమనే అంచనాతో ఈ అంశాన్ని పక్కన పెట్టడానికి వీలులేదు. తల్లికి ఏ వయసులో ఉడిగాయో కూతురికీ రమారమి ఆ వయసులోనే ఉడుగుతాయని ఇళ్ళలో పెద్దవాళ్ళు చెప్పే మాటకు వంశపారంపర్యంపై జరిగిన పరిశోధనలలోనూ ఆధారం ఉంది.

రకాలు

సహజ రుతువిరతి అండాల నిల్వ తరిగిపోవడం వల్ల కలుగుతుంది. 40 ఏళ్ళలోపు వస్తే అకాల రుతువిరతి అని, 40–45 ఏళ్ళ మధ్య వస్తే ముందస్తు రుతువిరతి అని విభజిస్తారు. క్యాన్సర్‌కు ఇచ్చే కీమోథెరపీ, పొత్తికడుపుకు ఇచ్చే రేడియేషన్ అండాశయాలను దెబ్బతీసినప్పుడు వచ్చేది చికిత్సాజన్య రుతువిరతి.

శస్త్రచికిత్సాజన్య రుతువిరతి విషయంలో ఒక తేడాను స్పష్టంగా గుర్తించాలి. గర్భాశయాన్ని తీసివేసే ఆపరేషన్‌ను హిస్టరెక్టమీ అంటారు. ఇందులో అండాశయాలను ఉంచేస్తే ముట్టు ఆగుతుంది గాని, హార్మోన్ల ఉత్పత్తి కొనసాగుతుంది కాబట్టి అది అసలైన రుతువిరతి కాదు, అయితే అలా మిగిలిన అండాశయాల చేవ కూడా మామూలుకంటే కొన్నేళ్ళు ముందే తగ్గవచ్చు. రెండు అండాశయాలనూ తీసివేస్తే మాత్రం, ఏళ్ళ తరబడి మెల్లగా జరగవలసిన మార్పు కొద్ది రోజులలో జరిగిపోయి, లక్షణాలు తీవ్రంగా ఉంటాయి. ఆపరేషన్ చేయించుకున్న స్త్రీలలో చాలామందికి తమకు ఏం తీశారో, ఏం ఉంచారో తెలియదు. "గర్భసంచి తీసేశారు" అన్న ఒక్క మాటలోనే రెండు రకాలూ కలిసిపోతాయి, డిశ్చార్జి కాగితం ఇంట్లో దాచుకున్నా అందులోని ఆంగ్ల సంక్షిప్తాక్షరాలను విడమరచి చెప్పేవారు ఉండరు.

చారిత్రక నేపథ్యం

సుశ్రుత సంహిత శారీరస్థానం రజస్సు 12 ఏళ్ళకు మొదలై, వార్ధక్యంతో శరీరం పరిపక్వమైనప్పుడు 50 ఏళ్ళకు క్షయిస్తుందని చెప్పింది. దానిని రోగంగా కాక వయసుకు తగిన పరిణామంగా చెప్పడం గమనార్హం. ఐరోపాలో ఫ్రెంచి వైద్యుడు షార్ల్ ద గార్దన్ 1821లో మెనోపాజ్ అనే పేరును ప్రచారంలోకి తెచ్చాడు. 1942లో చూలు గుర్రాల మూత్రం నుంచి తీసిన ఈస్ట్రోజెన్ మాత్ర ప్రెమారిన్ అమెరికా విపణిలోకి వచ్చింది. 1966లో రాబర్ట్ విల్సన్ రాసిన ఫెమినిన్ ఫరెవర్ అనే పుస్తకం రుతువిరతిని హార్మోన్ లోపం వల్ల కలిగే జబ్బుగా చిత్రించి, మాత్రల వాడకాన్ని విపరీతంగా పెంచింది. 2002 జూలైలో విమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ అనే భారీ అమెరికన్ పరిశోధనలో, ఈస్ట్రోజెన్‌కు ప్రొజెస్టిన్ అనే మరో హార్మోన్ కలిపి వాడిన స్త్రీలలో రొమ్ము క్యాన్సర్, పక్షవాతం ముప్పు కొంత పెరిగినట్టు తేలి ఆ విభాగాన్ని మధ్యలో ఆపివేయడంతో ఆ వాడకం ఒక్కసారిగా పడిపోయింది.

తెలుగునాట ఈ విషయం అచ్చులోకి ముందుగా వచ్చిన దారులలో ఔషధ ప్రకటనలు ఒకటి. మద్రాసులో కేసరి కుటీరం నెలకొల్పిన డాక్టర్ కె.ఎన్. కేసరి స్త్రీల రుతుదోషాలకు తయారుచేసిన లోధ్ర అనే ఔషధం ఇంటింటా తెలిసిన పేరు. లొద్దుగ చెట్టు బెరడును ఆయుర్వేదం అధిక రక్తస్రావాన్ని ఆపడానికి వాడుతుంది. ఆయనే 1928లో స్త్రీల కోసం గృహలక్ష్మి పత్రికను స్థాపించాడు. ఆ తరువాతి దశాబ్దాలలో ఆంధ్రప్రభ వారపత్రికలో మాలతీ చందూర్ నడిపిన ప్రమదావనం శీర్షిక, వారపత్రికలలో డాక్టర్ జి. సమరం ఇచ్చిన జవాబులు, ఎదుటపడి అడగలేని సంగతులను ఉత్తరంలో అడిగే అలవాటును పెంచాయి. స్త్రీ ఉద్యమం నుంచి వచ్చిన సవాలక్ష సందేహాలు అనే ఆరోగ్య గ్రంథం, శరీర ధర్మాలను స్త్రీలకు వారి భాషలోనే వివరించే ప్రయత్నం చేసింది.

శరీరంలో జరిగే మార్పులు

అండాలు తరిగేకొద్దీ అండాశయాలు ఈస్ట్రోజెన్, ప్రొజెస్టరోన్ అనే హార్మోన్లను సక్రమంగా తయారుచేయలేవు; వాటిని పురికొల్పడానికి మెదడు కింది భాగంలోని పిట్యూటరీ గ్రంథి ఎఫ్‌ఎస్‌హెచ్ అనే హార్మోన్‌ను ఎక్కువగా వదులుతుంది. 45 దాటిన స్త్రీలో లక్షణాలను బట్టే నిర్ధారణ చేయవచ్చు గనుక ఎఫ్‌ఎస్‌హెచ్ రక్తపరీక్ష సాధారణంగా అవసరం పడదు.

ఈస్ట్రోజెన్ తగ్గినప్పుడు మెదడులోని ఉష్ణ నియంత్రణ కేంద్రం చిన్నపాటి మార్పుకే ఒళ్ళు వేడెక్కిందని భ్రమపడి, చర్మపు రక్తనాళాలను విప్పార్చి చెమట పట్టిస్తుంది. ఛాతీ నుంచి మెడకు, ముఖానికి ఎగదన్ని, రెండు మూడు నిమిషాలలో తగ్గి, ఆ వెంటనే చలి పుట్టించే ఈ సెగనే ఆవిర్లు రావడం అంటారు. అమెరికాలో అనేక సంవత్సరాలు సాగిన స్వాన్ అధ్యయనం ఈ ఆవిర్లు తరచుగా వచ్చే స్త్రీలలో అవి సగటున ఏడేళ్ళకు పైగా ఉంటాయని 2015లో వెల్లడించింది. ఆ అధ్యయనంలోని అయిదు జాతుల స్త్రీలలో దక్షిణాసియా వారు లేరు.

నిద్ర చెడడం, గుండె దడ, మతిమరుపు, చిరాకు, దిగులు, కీళ్ళ నొప్పులు, యోని పొడిబారి సంభోగం నొప్పిగా మారడం, మూత్రం ఆపుకోలేకపోవడం, తరచుగా మూత్రంలో మంట రావడం ఇతర లక్షణాలు. ఆవిర్లు కాలక్రమంలో తగ్గుతాయి, యోని, మూత్ర సంబంధమైనవి మాత్రం వయసుతో పెరుగుతాయి. కంటికి కనబడని మార్పులలో ఎముకల సాంద్రత తగ్గడం, రక్తంలో కొలెస్టరాల్ పెరగడం ముఖ్యమైనవి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థలో వీణా శత్రుఘ్న బృందం 30–60 ఏళ్ళ పేద స్త్రీలపై జరిపి 2005లో ప్రచురించిన పరిశోధన, వారి ఎముకల సాంద్రత అభివృద్ధి చెందిన దేశాల స్త్రీలతో పోలిస్తే చాలా తక్కువగా ఉందని చూపింది. యవ్వనంలోనే గట్టిపడని ఎముక ముట్లుడిగాక ఇంకా గుల్లబారుతుంది కాబట్టి, ఈ సమస్య మూలాలు బాల్యపు తిండిలో, వరుస కాన్పులలో ఉన్నాయి.

పెద్దాపురం ప్రాంతపు స్త్రీల అనుభవం

పట్టు నేతకు పేరుపడిన పెద్దాపురంలో మగ్గం మీద ఎవరు కూర్చున్నా, రాట్నం మీద కండెలు చుట్టడం, ఆసు పోయడం వంటి ముందు పనులు ఇంటి స్త్రీలవే. చుట్టుపక్కల మెట్టలో కర్రపెండలం తవ్వకం, సగ్గుబియ్యం మిల్లులలో దుంపల తొక్క తీయడం, దిగువ పల్లంలో వరి ఊడ్పులు, కలుపుతీత నడివయసు స్త్రీల కూలి పనులు. నడుము వంచి మోకాలి లోతు నీళ్ళలో నిలబడే మనిషికి అధిక రక్తస్రావం వచ్చిన రోజున చాటు లేకపోవడం, గుడ్డ మార్చుకునే చోటు లేకపోవడం, ఆ రోజు కూలి పోగొట్టుకోవడం ఆవిర్లకంటే పెద్ద కష్టాలు. రోహిణీ కార్తె ఎండలకు ఊరంతా చెమటలు కక్కే చోట ఒంట్లోంచి పుట్టే సెగను విడిగా పోల్చుకోవడం తేలిక కాదు. దానిని వేడి చేసిందని, పైత్యమని, బీపీ అని, గ్యాస్ అని చెప్పుకుని, మజ్జిగ, సబ్జా నీళ్ళు, సగ్గుబియ్యం జావ వంటి చలవ పదార్థాలు తీసుకుంటారు.

వైద్యులు పరీక్షగా అడిగినప్పుడు కూడా ఈ ప్రాంతపు స్త్రీలు ఆవిర్లను కాక నడుము నొప్పిని, కాళ్ళ పీకుళ్ళను, నీరసాన్ని, గాభరాను, తెల్లబట్టను ముందు చెబుతారు. లక్షణాల తీవ్రత అన్ని సమాజాలలో ఒక్క తీరున ఉండదన్నది పరిశోధకులు గుర్తించిన విషయమే. జపాను స్త్రీలు ఆవిర్లకంటే భుజాల బిగుతును ఎక్కువగా చెబుతారని మార్గరెట్ లాక్ 1993 నాటి గ్రంథంలో చూపింది. రాజస్థాన్ రాజపుత్ర స్త్రీలు ముట్లుడగడాన్ని పర్దా నుంచి విడుదలగా భావించి పెద్దగా బాధలు చెప్పలేదని మార్షా ఫ్లింట్ 1975లో రాసింది. ఈ రెండో నిర్ధారణను తెలుగు స్త్రీలకు అన్వయించేటప్పుడు జాగ్రత్త అవసరం. బాధ చెప్పకపోవడం, బాధ లేకపోవడం ఒకటి కావు.

ఆచారాలు, వైఖరులు

ముట్టు రోజులలో బయట ఉండడం, వంటింట్లోకి, దేవుడి గదిలోకి రాకపోవడం వంటి నియమాలు కులాన్ని, కుటుంబాన్ని బట్టి ఎక్కువ తక్కువలుగా పాటించిన సమాజంలో, ముట్లుడగడం ఆ నిషేధాల తొలగింపు కూడా. వేసవిలో ఆవకాయ పెట్టేటప్పుడు ముట్టయిన వాళ్ళు జాడీ తాకితే పచ్చడి బూజు పడుతుందని నమ్మే ఇళ్ళలో, ముట్లుడిగిన పెద్దావిడే కారం, ఆవపిండి కలిపి, ఏడాది పొడుగునా జాడీ మూత తీసే అధికారం పొందుతుంది. తద్దినం వంటకు మడి కట్టుకోవడం, అన్నవరంలో సత్యనారాయణ వ్రతం తలచుకున్న రోజున చేసుకోవడం, ఆషాఢంలో పెద్దాపురం మరిడమ్మ జాతరకు రోజులు లెక్కపెట్టుకోకుండా వెళ్ళడం వీలవుతాయి. అంతకుముందు ఇలాంటి సందర్భాలకు నెలసరి వాయిదా వేసే మాత్రల కోసం మందుల దుకాణానికి పిల్లలను పంపడం పరిపాటి. 10–50 ఏళ్ళ స్త్రీలకు ప్రవేశం నిషేధించిన శబరిమలకు, 50 దాటాక మాలికాపురంగా మాల వేసుకుని వెళ్ళే గోదావరి జిల్లాల స్త్రీలూ ఉన్నారు. ఆ నిషేధం చెల్లదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 28న తీర్పు ఇచ్చాక, పునఃపరిశీలన పిటిషన్ల దశలో ఆ ప్రశ్నలను 2019లో విస్తృత ధర్మాసనానికి నివేదించారు.

విముక్తి భావన పక్కనే నష్టభావనా ఉంది. చెడు రక్తం నెలనెలా పోవాలని, అది ఆగితే ఒంట్లోనే నిలిచి ఒళ్ళు వస్తుందని, కళ్ళు మందగిస్తాయని, గడ్డలు కడతాయని భయపడేవారున్నారు. కోడలు కాపురానికి వచ్చాక, మనవలు పుట్టాక దాంపత్య సుఖం సిగ్గుపడవలసిన సంగతి అన్న అభిప్రాయం బలంగా ఉండడంతో, నొప్పి వల్ల భర్తను దూరం పెట్టిన స్త్రీ తన బాధను వయసుకు తగిన నిష్ఠగా చెప్పుకునే వీలు కలుగుతుంది. దాని చికిత్స సులభమైనా అడగడం మాత్రం జరగదు. చిరాకు, ఏడుపు, నిద్రలేమిని అత్తాకోడళ్ళ తగాదాల లెక్కలో వేసేస్తారు. చదువుకుని ఉద్యోగం చేస్తున్న పట్టణ స్త్రీలలో ఇంటర్నెట్, యూట్యూబ్ వీడియోల ద్వారా తెలుసుకోవడం పెరిగింది, అయితే వారి సమాచారంలో కూడా భయపెట్టే ప్రకటనల పాలు తక్కువేమీ కాదు.

గర్భాశయ తొలగింపు: ప్రాంతీయ ప్రత్యేకత

నాలుగో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2015–16) ప్రకారం దేశంలో 15–49 ఏళ్ళ స్త్రీలలో సుమారు 3 శాతం మందికి గర్భాశయం తీసివేయగా, ఆంధ్రప్రదేశ్‌లో అది దాదాపు 9 శాతం, తెలంగాణలో దాదాపు 8 శాతం. దేశంలో ఇవే మొదటి రెండు స్థానాలు. దేశం మొత్తం మీద ఈ ఆపరేషన్లలో మూడింట రెండు వంతులు ప్రైవేటు ఆసుపత్రులలో జరిగాయి, చేయించుకున్నవారి మధ్యస్థ వయసు 34 ఏళ్ళ దగ్గర ఉంది. ఇది సహజ రుతువిరతికి పన్నెండేళ్ళకు పైగా ముందు.

దీని వెనుక ఒక జీవిత క్రమం ఉంది. అయిదో సర్వే (2019–21) ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20–24 ఏళ్ళ స్త్రీలలో 29 శాతం మందికి 18 నిండకముందే పెళ్ళయింది, పెళ్ళయిన స్త్రీలలో సుమారు 70 శాతం మంది కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నారు. ఇరవై అయిదేళ్ళు దాటకముందే కాన్పులు ముగించుకుని ఆపరేషన్ చేయించుకున్న స్త్రీకి, ముప్పై దాటాక ముట్లు ఎక్కువైనా, తెల్లబట్ట అయినా, గర్భసంచి ఇక పనిలేని భాగంగా, క్యాన్సర్ పుట్టే చోటుగా కనిపిస్తుంది, లేదా అలా కనిపించేలా చెబుతారు. ఊళ్ళోని ఆరెంపీ వైద్యుడు పంపగా పట్టణంలో తీయించుకున్న స్కానింగ్ రిపోర్టులో "బల్కీ యుటరస్" అన్న రెండు మాటలు గర్భసంచి వాచిందన్న అర్థంతో ఇంటికి చేరతాయి. నిజానికి పలు కాన్పులైన స్త్రీ గర్భాశయం కాస్త పెద్దదిగా ఉండడం దానంతట అది జబ్బు కాదు. గర్భసంచికి పుండు పడిందని చెప్పినది చాలాసార్లు మందులతో తగ్గే ఇన్‌ఫెక్షన్. నెలనెలా పోయే కూలి రోజులు, రక్తహీనత, మరుగుదొడ్ల కొరత, పదే పదే ఆసుపత్రికి తిరగలేని స్థితి తోడై, ఒక్కసారి తీయించేసుకుంటే పీడ పోతుందనే నిర్ణయానికి స్త్రీలే వస్తారు. అందువల్ల దీనిని వైద్యుల ఆశగా మాత్రమే గాని, స్త్రీల అజ్ఞానంగా మాత్రమే గాని తీసుకోవడం పాక్షికమవుతుంది.

2007లో మొదలైన రాజీవ్ ఆరోగ్యశ్రీ పథకం ప్రైవేటు ఆసుపత్రులలో ఉచిత శస్త్రచికిత్సకు దారి తెరిచినప్పుడు ఈ ఆపరేషన్లు విమర్శకు గురయ్యాయి. హైదరాబాదులోని లైఫ్ హెచ్‌ఆర్‌జి సంస్థ తరఫున వైద్యులు ఎస్.వి. కామేశ్వరి, ప్రకాశ్ వింజమూరి 2009లో వెలువరించిన అధ్యయనం, తగిన కారణం లేకుండా చిన్న వయసులో జరుగుతున్న గర్భాశయ తొలగింపులను, వాటి తరువాత స్త్రీలు పడుతున్న నడుము నొప్పులు, నీరసం, అప్పులను చర్చలోకి తెచ్చింది. తరువాతి సంవత్సరాలలో ప్రభుత్వం పథకం కింద ఈ చికిత్సను ప్రభుత్వాసుపత్రులకు పరిమితం చేసింది. అనవసర ఆపరేషన్ల నివారణకు కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ 2022లో మార్గదర్శకాలు రూపొందించగా, డాక్టర్ నరేంద్ర గుప్తా వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యంలో వాటిని మూడు నెలలలో అమలుపరచాలని సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్ 5న రాష్ట్రాలను ఆదేశించింది.

చికిత్స, ఉపశమనం

తేలికపాటి లక్షణాలకు మందు అవసరం లేదు. ఆవిర్లకు అన్నిటికంటే బాగా పనిచేసేది ఈస్ట్రోజెన్; గర్భాశయం ఉన్న స్త్రీలకు దాని లోపొర అతిగా పెరగకుండా ప్రొజెస్టరోన్ కలిపి ఇస్తారు. 60 ఏళ్ళలోపు, లేదా ముట్లుడిగి పదేళ్ళు దాటకముందు మొదలుపెడితే, ఆరోగ్యవంతులైన స్త్రీలలో మేలు కీడును మించుతుందన్నది 2002 తరువాతి పునర్విశ్లేషణల సారాంశం. రొమ్ము క్యాన్సర్, రక్తం గడ్డకట్టే జబ్బు, కాలేయ వ్యాధి ఉన్నవారికి ఇది తగదు. 45 లోపే అండాశయాలు పోయిన స్త్రీకి, ఇతర అడ్డంకులు లేకపోతే, సహజ రుతువిరతి వయసు వరకైనా హార్మోన్లు ఇవ్వడం ఎముకలకూ గుండెకూ రక్షణ. యోని పొడితనానికి అక్కడే రాసే ఈస్ట్రోజెన్ క్రీము చాలు. హార్మోన్లు వద్దనుకునేవారికి కొన్ని రకాల మానసిక ఔషధాలు, 2023లో అమెరికాలో అనుమతి పొందిన ఫెజోలినెటాంట్ ఉన్నాయి. ఇంటి వైద్యంలో పిల్లిపీచర గడ్డలు, అంటే శతావరి, అశోక పట్ట కషాయం వాడుక ఉంది, వాటి ప్రయోజనంపై గట్టి పరీక్షలు తక్కువ. చోడి జావ, నువ్వుండలు, పాలు, మెత్తళ్ళ వంటి ముళ్ళతో తినే చిన్న చేపలు కాల్షియం అందిస్తాయి.

ముట్లుడిగిన ఏడాది తరువాత ఒక్క చుక్క రక్తం కనిపించినా దానిని "మళ్ళీ వచ్చింది" అని ఊరుకోకూడదు. అలా వచ్చినవారిలో సుమారు పదిమందిలో ఒకరికి గర్భాశయ లోపొర క్యాన్సర్ బయటపడుతుంది. 50 లోపు ముట్లుడిగినవారికి రెండేళ్ళు, ఆపైన ఏడాది పాటు గర్భం రాకుండా జాగ్రత్త పడాలని సిఫారసు చేస్తారు, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయినవారికి ఈ చింత లేదు.

సేవలు, గణన

ఆశా కార్యకర్త, ఏఎన్ఎం, అంగన్‌వాడీ వ్యవస్థలు గర్భిణులు, బాలింతలు, పసిపిల్లల చుట్టూ అల్లుకున్నవి. కాన్పులు ముగిసిన స్త్రీ ఆ పట్టీల నుంచి జారిపోయి, 30 దాటినవారికి జరిపే రక్తపోటు, మధుమేహం, నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్షలలో మళ్ళీ కనిపిస్తుంది. ఆ పరీక్షల కోసం ఇంటికి వచ్చే కార్యకర్తకు నెలసరి గురించి అడిగే అవకాశం ఉంది. భారత మెనోపాజ్ సొసైటీ 1995 నుంచి వైద్యులకు శిక్షణ ఇస్తోంది, అక్టోబరు 18ని ప్రపంచ మెనోపాజ్ దినంగా పాటిస్తారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే స్త్రీలను 49 ఏళ్ళ వరకే ప్రశ్నిస్తుంది కాబట్టి సహజంగా ముట్లుడిగే వయసులో కొంత భాగం దాని చూపుకు అందదు. 45 ఏళ్ళు దాటినవారిని వరుసగా పలకరించే భారత వృద్ధాప్య దీర్ఘకాలిక అధ్యయనం (లాసి) తొలి విడత 2017–18లో జరిగాక గాని ఆ తరువాతి వయసుల స్త్రీల లెక్కలు దేశవ్యాప్తంగా రావడం మొదలుకాలేదు.